కుక్కని కుక్క అనండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మొన్న మీ పేపరు లోపలి పేజీలో ఒక వార్త చూశాను. బడికి వెళ్తున్న పిల్లాణ్ణి కుక్కలు చుట్టుముట్టి కరిచాయి. దానికి మీరు పెట్టిన శీర్షిక ‘గ్రామసింహాల వీరంగం’. దాని పక్కనే ఇంకో వార్త: దొంగతనం జరిగిన ఇంటికి ‘పోలీసు జాగిలం’ వచ్చి వాసన పట్టింది. వెనక పేజీలో ఒక సినిమా నటి ఒళ్లో ‘ముద్దుల శునకం’. ఒక్క రోజు పేపర్లో ఇన్ని కుక్కలు ఉంటే ఏ శీర్షికలోనూ కుక్క అన్న మాట లేదు.

నేను ప్రెస్సులో చాలాకాలం ప్రూఫులు దిద్దినవాణ్ణి. మాటల దగ్గర నాకు కాస్త చాదస్తం ఎక్కువే. అందుకే ఈ ఉత్తరం.

కుక్క అన్న మాటంటే జనానికి కూడా జంకు పట్టుకుంది. లిఫ్టులో ఒకమ్మాయి కుక్కని పట్టుకుని నిలబడి ఉంటే “మీ కుక్క కరుస్తుందా అమ్మా?” అని అడిగాను. మొహం ముడుచుకుని “కుక్క అనకండి అంకుల్, రాకీ అనండి” అంది. రాకీకి మాత్రం ఏ పట్టింపూ లేదు. నా చెప్పు వాసన చూస్తూ తోక ఊపుతోంది.

ఆ అమ్మాయిని తప్పుపట్టలేను. ఆ మాటని మనం అంతగా వాడుకున్నాం మరి. దిక్కులేని చావుని కుక్కచావు అంటాం. చెడిపోయిన సంసారాన్ని కుక్కలు చింపిన విస్తరి అంటాం. సరిగా ఎదగక వంకరపోయిన కాయ కుక్కమూతి పిందె. మొక్కల్లో ఇంకా అన్యాయం: తులసి ఉంది, కుక్కతులసి ఉంది. వామింట ఉంది, కుక్కవామింట ఉంది. అసలుకి కాస్త తక్కువ అనిపించినదాని ముందు కుక్కని తగిలించేశాం. మనిషి దగ్గరికొచ్చేసరికి ఈ మాటకి అసలు నిలకడే లేదు. నమ్మినవాణ్ణి మోసం చేస్తే ‘కుక్కకున్న విశ్వాసం కూడా లేదు’ అంటాం. అదే మనిషి విశ్వాసంగా యజమాని వెనకే తిరిగితే ‘వాడి కుక్క’ అంటాం. విశ్వాసం ఉన్నా తిట్టే, లేకపోయినా తిట్టే. (‘కుక్కిన పేను’ని కూడా ఈ లెక్కలో వేసేవాళ్లున్నారు. అందులో కుక్క లేదు, కుక్కడం ఉంది.)

భారతం మాత్రం కుక్కని ఇంత చులకన చేయలేదు. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం వస్తుంది. ఆడుకుంటూ యజ్ఞం దగ్గరికి వెళ్లిన తన పిల్లని జనమేజయుడి తమ్ముళ్లు నిష్కారణంగా కొట్టారని, రాజు ఎదుటికే వెళ్లి నిలదీస్తుంది. మంచీ చెడూ చూడకుండా పేదవాళ్లకీ సాధువులకీ కీడు చేస్తే, కారణం తెలియని భయాలు వచ్చి మీద పడతాయని చెప్పి మరీ వెళ్తుంది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిందీ కుక్కే. దాన్ని వదిలేస్తేనే స్వర్గం అంటే ఆయన నాకు స్వర్గమే వద్దన్నాడు.

మీ జాగిలం సంగతి సరే. ఆ మాటకి అర్థం వేటకుక్క, పనిచేసే కుక్కని అలా అంటే పేచీ లేదు. శునకం కూడా పోనివ్వండి. గ్రామసింహం దగ్గరే నా ఫిర్యాదంతా. అది వెటకారంగా పుట్టిన మాట. ఊళ్లో తిరిగే సింహమట! సరదాగా రాసిన వ్యాసంలో బాగానే ఉంటుంది. పిల్లాడి కాలికి కుట్లు పడిన వార్త మీద ఎలా ఉంటుంది? ఆ తల్లి మర్నాడు ఆ కాగితం చూస్తుందన్న ఆలోచన రాలేదా?

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. కరిచిన ప్రతి కుక్కనీ మీరు ‘పిచ్చికుక్క’ అని రాసేస్తారు. పరీక్ష చేసిందెవరు, తేల్చిందెవరు? దీనివల్ల జనంలో నాటుకున్నదేమిటంటే, ఎగబడి నలుగురిని కరిచేదే పిచ్చికుక్క, మిగతావి కరిస్తే ఏమీ కాదు అని. మా బంధువు ఒకాయన పిక్క మీద రెండు గాట్లు పడితే టించరు రాసుకుని కూర్చున్నాడు. “అది పిచ్చికుక్క కాదులే, మన వీధిదే, రోజూ చూస్తాను” అన్నాడు. ఆ సాయంత్రం బలవంతాన తీసుకెళ్లి ఇంజెక్షన్ వేయించేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది.

రేబిస్ సోకిన కుక్క ఎప్పుడూ ఎగబడాలనేం లేదు. ఒక రకంలో అది చడీచప్పుడు లేకుండా మూల నక్కుతుంది, దవడ జారిపోతుంది, మింగలేక చొంగ కారుస్తుంది. గొంతులో ఎముక అడ్డుపడిందేమోనని జాలిపడి నోట్లో చెయ్యి పెట్టేవాళ్లూ ఉంటారు. పైగా జబ్బు బయటపడటానికి కొన్ని రోజుల ముందు నుంచే చొంగలో వైరస్ ఉంటుంది. అంటే అప్పటికి అది మామూలు కుక్కలాగే కనిపిస్తుంది, తోక కూడా ఊపుతుంది. మనిషిలో లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. అవి మొదలవకముందు సరిగ్గా వైద్యం చేస్తే ఆపొచ్చు. పాశ్చర్ 1885లోనే టీకా వేసి చూపించాడు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. కరిచిన కుక్కని కుక్క అనే రాయండి. రేబిస్ ఉందని తేలితే ‘రేబిస్ సోకిన కుక్క’ అనండి, తేలకపోతే ‘పిచ్చి’ తీసేయండి. ‘వీరంగం’, ‘స్వైరవిహారం’ తీసేస్తే శీర్షికలో ఎలాగూ చోటు మిగులుతుంది. వార్త చివర రెండు ముక్కలు వేయండి: గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గీరుకున్నా సరే.

సరదా వ్యాసాల్లో మాత్రం గ్రామసింహాలని మీ ఇష్టం వచ్చినంత తిరగనివ్వండి. నేనేమీ అనను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు