స్కేట్స్ ఆపడం వచ్చాకే నీటి ఒడ్డుకు

నమస్కారం. ఈ సీజన్ నుంచి మా స్కేట్స్ అద్దె షెడ్‌లో ఒక పద్ధతి మారింది. మొదటిసారి ఇన్‌లైన్ స్కేట్స్ (ఒకే వరుసలో చక్రాలుండే బూట్లు) వేసుకునేవాళ్లను నేరుగా నీటి ఒడ్డు దారిలోకి పంపడం లేదు. ముందు మా షెడ్ పక్కనున్న చదును నేల మీద బ్రేక్ వేసి ఆగి చూపించాలి. దీనివల్ల బుకింగులు తగ్గాయి. "సరదాగా తిరుగుదామని వస్తే పరీక్ష పెడతారేంటి" అని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ పద్ధతి మార్చం.

మా బోర్డు మీద 'కొత్తవాళ్లకు అనువైన దారి' అని ఉంటుంది. అబద్ధమేమీ కాదు. దారి వెడల్పుగా ఉంటుంది, ఎత్తుపల్లాలు లేవు, తారు నున్నగా ఉంటుంది, బళ్లు రావు. చిక్కంతా గాలితోనే. ఎదురుగాలిలో వెళ్తుంటే కాళ్లు కదపడం మానేస్తే చాలు, స్కేట్స్ వాటంతటవే ఆగిపోతాయి. 'నాకు వచ్చేసింది' అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది. మీరేమీ చేయకపోయినా వేగం పెరుగుతుంది, ఎదురుగా నడకకొచ్చినవాళ్లు, పిల్లలు. అప్పుడు చాలామంది రెయిలింగ్ అందుకోబోతారు. చేయి అక్కడ ఆగుతుంది గానీ కాళ్లు ఆగవు.

నీళ్లవైపు చూస్తూ పోవడం ఇంకో తంటా. తల ఎటు తిరిగితే భుజాలు అటు తిరుగుతాయి, వాటి వెనకే స్కేట్స్. చూడాలనిపిస్తే పక్కకొచ్చి ఆగి, తీరిగ్గా చూడండి.

మడమ బ్రేక్ అంటే సాధారణంగా కుడి స్కేట్ వెనకుండే రబ్బరు ముక్క. మోకాళ్లు బాగా వంచి, ఆ పాదాన్ని రెండో పాదం కంటే ముందుకు జరిపి, వేళ్లవైపు పైకెత్తితే రబ్బరు నేలకు తగులుతుంది. ఆ తర్వాత బరువు కొంచెం కొంచెంగా పెంచాలి. కంగారులో కాళ్లు నిటారుగా పెట్టి ఒక్కసారిగా తొక్కితే ఆగడం సంగతి అటుంచి, వెల్లకిలా పడతారు. చదును నేల మీద నెమ్మదిగా నేర్చుకుంటే ఇది అంత కష్టం కాదు.

మణికట్టుకు వేసుకునే రిస్ట్ గార్డ్స్ మీద వాదన వద్దు. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు, అందుకే స్కేటింగ్‌లో మణికట్టుకే ఎక్కువ దెబ్బలు. అవి వేసుకుంటే ఫోన్ పట్టుకోలేకపోతున్నాం అంటారు. మంచిదే కదా! హెల్మెట్, మోకాలి ప్యాడ్స్ సరేసరి. కొత్తవాళ్లకు 80 మిల్లీమీటర్ల చక్రాలే ఇస్తాం. 100, 110 కావాలని అడుగుతున్నారు గానీ, పెద్ద చక్రం ఎక్కితే పాదం నేలకు మరింత ఎత్తులో ఉంటుంది, అందుకున్న వేగం తొందరగా తగ్గదు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

వాన వెలిశాక కూడా స్కేట్స్ ఎందుకివ్వరని కోపగించుకున్నవాళ్లకు ఒక మాట. ఈ చక్రాలు పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌వి, తడి నేల మీద వాటికి పట్టు తగ్గిపోతుంది. దారి మీద వేసిన పెయింట్ గీతలు, చిన్న వంతెన దగ్గరున్న ఇనుప పట్టీలు తడిస్తే మరీ ప్రమాదం. పైగా నీళ్లు లోపలికి చేరితే చక్రాల్లోని బేరింగులు తుప్పు పడతాయి. దారి ఆరేదాకా ఇవ్వం. మీ డబ్బు వాపసు తీసుకోండి, లేదా ఇంకో రోజుకు మార్చుకోండి, మీ ఇష్టం.

దయచేసి స్కేట్స్‌తో ఇసుకలోకి దిగకండి. బేరింగుల్లో దూరిన ఇసుకను మేము రాత్రిళ్లు కూర్చుని శుభ్రం చేస్తున్నాం. గాలికి దారి మీదికి కొట్టుకొచ్చిన ఇసుకను మాత్రం ఉదయం తెరవగానే మేమే ఊడుస్తాం. కొత్తవాళ్లు ఆ వేళకే రండి. జనం తక్కువ, మాకూ పక్కనుండి నేర్పించే తీరిక ఉంటుంది.

పాత కస్టమర్లకు ఈ పరీక్ష లేదు. మీ ముఖం నాకు గుర్తు రాకపోతే ఏమీ అనుకోకుండా ఒక్కసారి ఆగి చూపించండి, నిమిషం పని.