ట్యాంకు నిండిందా అని కాదు, మడ్డి ఎంత ఉందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా. కాపురం చెన్నైలో, మేడవాక్కం దాటాక ఒక వీధిలో. 2011లో చెన్నై కార్పొరేషన్ 174 నుంచి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. జనం ఆ హద్దు కూడా దాటుకుని ఇంకా ఇవతలికి వచ్చేశారు. డ్రైనేజీ మాత్రం మా వీధి దాకా రాలేదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే గతి. వినాయక చవితి వెళ్లింది, దీపావళికల్లా వానలు పట్టుకుంటాయి. వీధి మోకాలి లోతు నీళ్లలో ఉన్నప్పుడు అందరూ ఒకేసారి ట్యాంకు తోడే లారీకి ఫోన్లు చేస్తారు. లారీ దొరకదు, దొరికినా వాళ్లు చెప్పిందే రేటు. ఈ ఉత్తరం వానలకు ముందే వేస్తే నలుగురికి పనికొస్తుంది.

ఎవరిని అడిగినా "ట్యాంకు నిండిపోయింది, అందుకే లారీని పిలిచాం" అంటారు. అసలు సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది, ఉండాలి కూడా. లోపలికి ఎన్ని నీళ్లు వస్తే అన్ని నీళ్లు అవతలి గొట్టంలోంచి ఇంకుడు గుంతకు పోతాయి. బరువైనది అడుక్కి దిగి మడ్డి అవుతుంది, జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది, మధ్యన తేట నిలుస్తుంది. వెన్న కాచిన గిన్నె చూడండి, సరిగ్గా అలాగే. (ఈ పోలిక తీసేయమని మావారు ఒకటే గొడవ. ఇంతకంటే సులువుగా అర్థమయ్యేది ఆయనకూ దొరకలేదు.)

ఐఎస్ 2470 అని సెప్టిక్ ట్యాంకులకు ఒక భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం అయిదుగురున్న ఇంటికి, రెండేళ్లకోసారి తీయించేటట్టయితే, 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటరు వెడల్పు, 1.05 మీటర్ల నీటి లోతు ఉంటే చాలు. అంటే దాదాపు 1,180 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున వేసుకున్నా అయిదుగురికి 675 లీటర్లు. ఖాళీ చేయించిన ట్యాంకు రెండు రోజులు తిరక్కుండానే మళ్లీ గొట్టం దాకా నిండుతుంది. ఇది తెలియక మా పక్కవీధాయన మూత తెరిచి చూసి, మోసం చేశారని లారీ వాళ్లతో పోట్లాటకు దిగాడు.

నీళ్లు పోతాయి, మడ్డి పోదు. లోపలి సూక్ష్మజీవులు కొంత అరగదీస్తాయి గానీ మిగిలింది ఏడాదికేడాది పేరుకుంటుంది. మధ్యన తేటకు చోటు తగ్గిపోయి, చివరికి మడ్డే నీళ్లతోపాటు ఇంకుడు గుంతలోకి పోయి దాని చుట్టూ మట్టిని పూడ్చేస్తుంది. అప్పుడు ట్యాంకు ఎన్నిసార్లు తోడించినా లాభం లేదు, గుంత కొత్తగా తవ్వుకోవాల్సిందే. లారీకి మిగిల్చామనుకున్న డబ్బుకు ఎన్నో రెట్లు అక్కడ వదులుతుంది.

మడ్డి ఎంతుందో తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ట్యాంకు లోతు కంటే పొడవైన వెదురు కర్ర, పాత తెల్ల పంచె ముక్క ఉంటే చాలు. కర్రకు కింది సగం దాకా గుడ్డ బిగించి చుట్టి, ఇంటి గొట్టం వచ్చి పడే మొదటి గది మూత తీసి, కాసేపు గాలి ఆడనిచ్చి, కర్రను అడుగు తగిలేదాకా నిలువుగా దించాలి. రెండు మూడు నిమిషాలు ఉంచి మెల్లగా పైకి లాగితే, మడ్డి ఉన్నంత మేర గుడ్డకు నల్లగా చిక్కగా అంటుకుని ఉంటుంది, దాని పైన తడి మాత్రమే. ఆ నలుపు నీటి లోతులో మూడో వంతుకు వచ్చిందంటే లారీని పిలవాలి. అయిదడుగుల నీళ్లుంటే ఇరవై అంగుళాలన్నమాట. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందు చూసుకుని, మూత లోపలి వైపు తేదీ రాసుకుంటే సరి. రెండు మూడేళ్లకోసారి తీయించమని ప్రభుత్వాలు చెబుతున్నది సగటు లెక్క. ఇద్దరు ముసలివాళ్లున్న ఇంటికీ, పై వాటాలో నలుగురు కుర్రాళ్లను అద్దెకు పెట్టిన ఇంటికీ ఒకే గడువు ఎలా సరిపోతుంది?

కర్ర దించేటప్పుడు మూత మీదకు వంగి తొంగిచూడకండి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానివ్వకండి, ఒంటరిగా చేయకండి. లోపల మండే మీథేన్, విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. రెండోదానిది కుళ్లిన గుడ్డు వాసన. మోతాదు పెరిగితే అది ముక్కును మొద్దుబార్చేస్తుంది. వాసన తగ్గింది కదా అని ధైర్యం చేసేవాళ్లే పోతారు.

ఒక్క బాత్రూంలోనే నీళ్లు నిలిస్తే అది గొట్టంలో అడ్డు, ప్లంబరు పని. ఇల్లంతా నిలిస్తే ట్యాంకు చూడాలి. వానాకాలంలో మాత్రమే నిలిస్తే భూమిలో ఊట పైకొచ్చి ఇంకుడు గుంత నీళ్లు తాగడం లేదని అర్థం. అప్పుడు తోడిస్తే నాలుగు రోజులు సుఖం, ఆ డబ్బు నీళ్లపాలు. పైగా చుట్టూ ఊట ఉన్నప్పుడు పూర్తిగా ఖాళీ చేస్తే, ప్లాస్టిక్ ట్యాంకులైతే భూమిలోంచి పైకి లేచే ప్రమాదం ఉంది. డాబా మీది వాన గొట్టాన్ని ట్యాంకులోకి కలిపిన ఇళ్లు మా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. వాన నీటిని ఇంకించడం 2003 నుంచి తమిళనాడంతటా తప్పనిసరి అయ్యాక కూడా ఇది ఏం తెలివో! ఇక యాసిడ్, డబ్బాలకొద్దీ ఫినాయిల్, పిల్లల డయపర్లు లోపలికి పోనివ్వకూడదని వేరే చెప్పక్కర్లేదు. "ఈ పొడి వేస్తే లారీయే అక్కర్లేదు" అని అమ్మేవాళ్ల మాట నేను నమ్మను.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. పోయిన ఎండాకాలం మా ఎదురింట్లో ట్యాంకు తెరిచారు. గృహప్రవేశం తర్వాత అదే మొదటిసారి. లారీ గొట్టం పైనున్న నీళ్లన్నీ లాగేసి, ఆ తర్వాత ఒక్కసారిగా ఎగిరెగిరి పడుతూ ఉత్త గాలి పీల్చడం మొదలుపెట్టింది. కింద మడ్డి గట్టిపడి కదలడం లేదు. లారీతో వచ్చిన కుర్రాడు వెదురుతో నాలుగు పోట్లు పొడిచి, లుంగీ ఎగ్గట్టి, మూత అంచు మీద కూర్చుని రెండు కాళ్లూ లోపలికి పెట్టేశాడు. నేను గేటు దగ్గర్నుంచే తమిళంలో "ఎరంగాదప్పా!" (దిగొద్దు నాయనా!) అని అరిచాను. వాడు తలెత్తి, "ఏం గాదమ్మా, అయిదు నిమిషాలు" అన్నాడు. తెలుగులో.

పైకి వచ్చేదాకా నేను ఊరుకోలేదు. డ్రైవరు లారీలోని నీళ్లనే గొట్టంతో జోరుగా వెనక్కి ట్యాంకులోకి వదిలాడు. మడ్డి చిలికినట్టయి, వెదురుతో కలుపుతూ లాగితే వచ్చింది. గంట ఎక్కువ పట్టింది, ఎదురింటాయన కొంత ఎక్కువ ఇచ్చుకున్నాడు. అంతే. మనిషి దిగకుండా అయ్యే పనికి మనిషిని దించబోయారు.

మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ సరంజామా లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని పెట్టడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కాంట్రాక్టరుకే కాదు, పనికి పెట్టుకున్న ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది. ఇలా చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఈ పనికి మనుషులను పెట్టడం ఆగాలని పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టినవారు. మద్రాసులో ఈ పని చేసేవాళ్లలోనూ మన భాషవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి సన్మానాలు చేస్తాయి, సంతోషమే. ఈ పిల్లల సంగతి ఏ సభలోనూ నేను వినలేదు.

ఏళ్ల తరబడి మూత తెరవకపోతే మడ్డి గట్టిపడుతుంది. గట్టిపడితే గొట్టానికి రాదు, అప్పుడే మనిషిని దించాలన్న ఆలోచన వస్తుంది. మూడో వంతుకే పిలిస్తే గొట్టమే చాలు.

లారీని పిలవడానికి 14420 నంబరు ఉంది. లైసెన్సు ఉన్న లారీనే పిలవండి, కాగితం చూపించమని అడగండి. లైసెన్సు లేకుండా తిరిగినా, తోడింది కాలవలో పారబోసినా మొదటిసారి 25,000, మళ్లీ చేస్తే 50,000 రూపాయల జరిమానా పెడుతూ 2022లో చెన్నైకి చట్టం సవరించారు. మన ఇంట్లోంచి తీసింది మా దగ్గరి పళ్లికరణై చిత్తడి నేలలోకి పోకుండా శుద్ధి కేంద్రానికి చేరిందో లేదో అడిగి రసీదు తీసుకోవడం మన పనే. నీళ్లు మాత్రం తోడి వెళ్లిపోకుండా అడుగు కనిపించేదాకా, దూరంగానే సరే, పక్కన నిలబడండి.

పంచాయతీలకు, కార్పొరేషన్లకు నా విన్నపం ఒకటే. ఈబీ (కరెంటు) మీటరు దగ్గర రీడింగు రాసే తెల్లకార్డు మనందరికీ అలవాటే. అలాంటి కార్డు ట్యాంకుకూ ఇవ్వండి. కొలిచిన తేదీ, మడ్డి ఎన్ని అంగుళాలు, ఎప్పుడు తీశారు, లారీ లైసెన్సు నంబరు, ఈ నాలుగు గడులు చాలు. వీధులవారీగా, వానలకు ముందే లారీలు పంపితే రేటూ దిగుతుంది. మా వీధిలోవాళ్లం కలిసి తెలుగులో, తమిళంలో ఒక నమూనా కార్డు తయారుచేశాం. మీరు అచ్చువేస్తామంటే మీ కార్యాలయానికి పంపుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మేడవాక్కం, చెన్నై