శనివారం వంట: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. వనభోజనాల్లో పెరుగు చాలలేదు, అంతకు మించి చెప్పేదేమీ లేదు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు శనివారం వంటకే ఇస్తున్నాను.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మన తెలుగు కుటుంబాల నుంచి మేధో వైకల్యం (బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండడం), అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవడంలో ఇబ్బంది) ఉన్న 9 మంది పిల్లలు దీనికి వస్తున్నారు. 14 ఏళ్ల నుంచి 20 దాకా వయసు. వారానికోసారి వాళ్లకి మంచి భోజనం పెడదామనుకుని మొదలుపెట్టాం. రెండు వారాలకే తెలిసింది, ఇంట్లో జరిగేదే ఇక్కడా జరుగుతోందని. అమ్మ కలుపుతుంది, పిల్లాడు తింటాడు. దాంతో పద్ధతి మార్చాం. వండేదీ వడ్డించేదీ పిల్లలే, ఆ తర్వాత అందరం ఒకే బంతిలో కూర్చుంటాం.

పని నేర్పేటప్పుడు చివరి మెట్టు నుంచి వెనక్కి వస్తున్నాం. ప్రత్యేక విద్య టీచర్లు వాడే పద్ధతే ఇది. పులిహోరే తీసుకోండి. అన్నం వండి, పోపు వేసి పెద్దవాళ్లం సిద్ధంగా ఉంచితే, పిల్ల నిమ్మరసం పిండి, అన్నం కలుపుతుంది. ఆ రోజు పులిహోర తను చేసినట్టే. అది చేయి తిరిగాక పోపు, ఆపైన అన్నం. పోపు దగ్గరే కొందరికి రెండు నెలలు పట్టింది, పట్టనీ.

కుక్కర్ పక్కన మూడు చింతపిక్కలు పెడతాం. విజిల్ వచ్చినప్పుడల్లా ఒకటి గిన్నెలో వేయాలి, పిక్కలు అయిపోగానే స్టవ్ ఆపాలి. లెక్క రాకపోయినా పని ఆగదు. ఒక శనివారం ఒక అబ్బాయి పక్కింటి కుక్కర్ విజిల్‌కి కూడా పిక్క వేసేశాడు. అన్నం పలుకైంది, నీళ్లు చల్లి మళ్లీ పొయ్యెక్కించాం. విజిల్ విజిలే కదా, వాడి తప్పేముంది! ఇప్పుడు కుక్కర్ పెట్టే ముందు పక్కింటికెళ్లి, "పిన్నీ, మీదెప్పుడు పెడతారు?" అని అడిగొస్తున్నాడు.

బజారు పని ఇంకా కుదురుకోలేదు. నలభై అంటే తెలిసిన పిల్ల, కొట్టాయన "చాళిశ టంకా" అనేసరికి పర్సు పట్టుకుని నిలబడిపోతుంది. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడడం మనకి అలవాటు. వీళ్లకి మాత్రం ఒకే లెక్క రెండుసార్లు నేర్చుకోవడం. అందుకే నోట్ల బొమ్మలతో కార్డులు చేశాం. కొట్టాయన వేలు పెట్టి చూపిస్తే, అలాంటి నోట్లే తీసి ఇస్తారు.

అందరికంటే తల్లులకే ఎక్కువ కష్టమైంది, చేతులు కట్టుకుని కూర్చోవాలి మరి. ఉల్లిపాయ వంకరగా తరుగుతోందని ఒక అక్కగారు లేచి కూతురి చేతిలో కత్తి లాక్కున్నారు. అప్పట్నుంచి తల్లులకు చోటు బయట అరుగు మీదే, కాఫీ అక్కడికే పంపుతున్నాం. గరిటె అందుకున్నందుకు నన్నూ ఒకసారి అక్కడే కూర్చోబెట్టారు.

ఆ అక్కగారే మొన్న చెప్పారు. ఇంట్లో ఎవరూ అడక్కుండానే కూతురు నాలుగు కంచాలు పెట్టిందట. ఐదోది పెట్టలేదు, నాన్న ఊళ్లో లేడని.

కాగితాల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం వేర్వేరు. సర్టిఫికెట్‌లో ఏది రాశారో చూసుకోండి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకి 18 నిండాక తల్లిదండ్రులైనా సంరక్షకులుగా ఉండాలంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ వయసు దగ్గరపడుతున్న పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒకసారి నన్ను కలవండి.

బియ్యం, పప్పు సభ్యుల ఇళ్ల నుంచే వచ్చాయి. గ్యాసూ కూరగాయలూ చందాల డబ్బుతో కొన్నాం. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు.

కార్డుల మీద ఒడియా గుండ్రంగా, పెద్దగా రాసిపెట్టేవాళ్లు ఒకరు కావాలి. రెండో కుక్కర్ కూడా కావాలి, వేరే రకం విజిల్‌ది దొరికితే మరీ మంచిది.

ఇట్లు,
కార్యదర్శి