తలనొప్పి మందు: వేళ, రూపం, రోజుల లెక్క

గౌరవనీయులైన సంపాదకులకు,

తలనొప్పి మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు నిద్ర, నీళ్లు, ఎండ అంటూ మొదలై ‘వైద్యుణ్ణి కలవండి’ అన్నచోట ఆగిపోతాయి. చీటీ చేతికొచ్చాక ఆ మందు ఎలా వాడాలో చెప్పేవాళ్లు తక్కువ. మైగ్రేన్‌కూ, క్లస్టర్ తలనొప్పికీ బాగా పనిచేసే మందులున్నాయి. అయినా ‘అన్నీ వాడి చూశాం, ఏదీ పనిచేయలేదు’ అనే రోగులు ఎందరో. వివరంగా అడిగితే తరచు మందు సరైనదే అయివుంటుంది. దాన్ని ఆలస్యంగా వేసుకునివుంటారు, లేదా ఇంజెక్షన్‌గా తీసుకోవలసినదాన్ని మాత్రగా మింగివుంటారు, లేదా నెలలో సగం రోజులు ఆ మాత్ర మీదే గడిపివుంటారు. మీ పాఠకుల్లో అలాంటివారి కోసమే ఈ ఉత్తరం. ఇందులోని మోతాదులు పెద్దవాళ్లవి. వైద్యుడు రాసినదాన్ని అర్థం చేసుకోవడానికే ఇవి, సొంతంగా మందు మొదలుపెట్టడానికి కాదు.

ముందు ఈ రెండు జబ్బులనూ విడదీసి చూడాలి. మైగ్రేన్ నొప్పి, మందు వేసుకోకపోతే, 4 నుంచి 72 గంటలుంటుంది. కదిలితే నొప్పి పెరుగుతుంది గనక మనిషి చీకటి గదిలో కదలకుండా పడుకుంటాడు. వికారం ఉంటుంది, వెలుతురు, చప్పుడు భరించలేడు. క్లస్టర్ నొప్పి ఒకే కంటి చుట్టూ, ఆ వైపు కణత మీద, 15 నిమిషాల నుంచి 3 గంటలు. అదే వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది, రెప్ప వాలుతుంది. ఆ మనిషి కూర్చోలేడు, పడుకోలేడు, పచార్లు చేస్తాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. రోజు విడిచి రోజు మొదలుకొని రోజుకు 8 సార్ల దాకా రావచ్చు. తరచు రాత్రి ఒకే వేళకు నిద్రలోంచి లేపుతుంది. ఇలా కొన్ని వారాలో నెలలో సాగి మాయమవుతుంది, మళ్లీ ఇంకో విడతగా వస్తుంది. సైనస్ అనుకుని యాంటీబయాటిక్స్ మింగినవాళ్లు, పంటినొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకున్నవాళ్లు ఈ రోగుల్లో కనిపిస్తారు.

ఈ రెండింటిలో దేనికీ చెందని ప్రమాదకరమైన తలనొప్పులూ ఉన్నాయి. ఒక్క నిమిషంలోపే తారస్థాయికి చేరే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కాలో చెయ్యో చచ్చుబడటం, మాట తడబడటం కనిపిస్తే మాత్ర వేసి చూద్దామని ఆగకూడదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పికీ పరీక్షలు ఆలస్యం చేయకూడదు.

ఇక మైగ్రేన్ మందులు. 1990ల మొదట్లో సుమట్రిప్టాన్‌తో మొదలైన ట్రిప్టాన్లు ఇప్పటికీ అటాక్‌ను ఆపే ప్రధాన మందులు. సుమట్రిప్టాన్ మాత్ర 50 లేదా 100 మిల్లీగ్రాములు. నొప్పి ఇంకా తక్కువగా ఉన్నప్పుడే, మొదలైన గంటలోపు వేసుకుంటే పనిచేసే అవకాశం ఎక్కువ. ‘ఎంత దూరం పోతుందో చూద్దాం’ అని ఓర్చుకుని, వాంతులు మొదలయ్యాక వేసుకోవడమే అందరూ చేసే తప్పు. కొందరికి నొప్పికి ముందు 5 నుంచి 60 నిమిషాల పాటు కళ్ల ముందు మిరుమిట్లు, వంకర టింకర గీతలు కనిపిస్తాయి. దాన్నే ఆరా అంటారు. ఆ దశలో ట్రిప్టాన్ వేసుకుంటే ఆరాను ఆపదు. నొప్పి మొదలైనప్పుడు వేసుకోవాలి. తగ్గిన నొప్పి తిరగబెడితే కనీసం 2 గంటల ఎడంతో రెండో మోతాదు వేసుకోవచ్చు, 24 గంటల్లో మొత్తం 200 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి మాత్రకు నొప్పి ఏమాత్రం కదలకపోతే, అదే అటాక్‌కు అదే మందు మళ్లీ వేసుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

ఆలస్యమైతే మాత్ర ఎందుకు పనిచేయదన్నది తెలుసుకోవాలి. మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు మందగిస్తుంది. మాత్ర కడుపులోనే కూర్చుంటుంది, పేగులోకి దిగదు, రక్తంలో చేరదు. అందుకే ట్రిప్టాన్‌తో పాటు మెటోక్లోప్రమైడ్ 10 మిల్లీగ్రాములో, డాంపెరిడోనో రాస్తారు. అవి వికారాన్ని తగ్గించడంతో పాటు కడుపును కదిలిస్తాయి. వాంతి ఉన్నా లేకపోయినా వైద్యుడు రాసిన ఆ మాత్రను అనవసరమని వదిలేయకూడదు. నాప్రాక్సెన్ అనే నొప్పి మాత్ర 500 మిల్లీగ్రాములు కలిపితే నొప్పి తిరగబెట్టడం తగ్గుతుంది, అయితే అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది పనికిరాదు. నోట్లో కరిగే ట్రిప్టాన్ మాత్ర వేగంగా పనిచేస్తుందన్నది అపోహ. అది కరిగేది నోట్లోనే అయినా రక్తంలో చేరేది పేగుల నుంచే. నీళ్లు తాగలేని స్థితిలో సౌకర్యం, అంతే. నిద్రలేచేసరికే నొప్పి ముదిరిపోయేవాళ్లకూ, వాంతులు వెంటనే వచ్చేవాళ్లకూ ముక్కు స్ప్రేనో, చర్మం కింద ఇచ్చే ఇంజెక్షనో అడగాలి. ఒక ట్రిప్టాన్‌ను సరిగ్గా వాడినా మూడు అటాక్‌లలో విఫలమైతే ఇంకొకటి ప్రయత్నించవచ్చు, ఒకరికి పడనిది మరొకరికి పడుతుంది.

ట్రిప్టాన్లు రక్తనాళాలను కుదిస్తాయి. గుండెపోటు, యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి), పక్షవాతం వచ్చినవాళ్లు, కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు వీటిని వాడకూడదు. వేసుకున్నాక మెడ, ఛాతీ బిగపట్టినట్టు కాసేపు అనిపించడం మామూలే. కానీ గుండెజబ్బు ముప్పు ఉన్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మైగ్రేన్ రాకుండా రోజూ ప్రొప్రనొలాల్ వాడుతున్నవాళ్లు రైజాట్రిప్టాన్ అనే మరో ట్రిప్టాన్‌ను 10 బదులు 5 మిల్లీగ్రాములే వేసుకోవాలి, ఎందుకంటే ప్రొప్రనొలాల్ రక్తంలో దాని పాళ్లు పెంచుతుంది.

ఎర్గటమిన్ గురించి గట్టిగా చెప్పాలి. కెఫీన్‌తో కలిపి అమ్మే ఈ పాత మాత్రను ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల్లోపు వేసుకోకూడదు. గొంతునొప్పికో దగ్గుకో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వాడుతూ, లేదా ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందు వాడుతూ ఎర్గటమిన్ వేసుకుంటే, కాలేయం దాన్ని విరగ్గొట్టలేక వేళ్లకు, పాదాలకు రక్తం ఆగిపోయి కుళ్లే ప్రమాదం ఉంది. గర్భిణులకు ఇది పూర్తిగా నిషిద్ధం. ఏ కొత్త మందు రాయించుకుంటున్నా ఎర్గటమిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పాలి.

రోజుల లెక్క అన్నది ఇక్కడ. ట్రిప్టాన్లు, ఎర్గటమిన్, రెండు మూడు మందులు కలిపిన నొప్పి మాత్రలు, ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) నెలకు 10 రోజులు, మామూలు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, మూడు నెలలకు మించి వాడితే మందే తలనొప్పిని పుట్టిస్తుంది. లెక్కించేది మాత్రల సంఖ్య కాదు, రోజుల సంఖ్య. ఒకే రోజు రెండు వేసుకున్నా అది ఒక రోజే. క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజుకు గుర్తు పెడితే చాలు, వైద్యుడికి అంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు. ఈ స్థితి వచ్చాక ఆ మందు మానేస్తే మొదటి 2 నుంచి 10 రోజులు నొప్పి పెరుగుతుంది. భయపడి మళ్లీ మొదలుపెట్టేది అక్కడే. ట్రిప్టాన్, పారాసెటమాల్ ఒక్కసారిగా ఆపొచ్చు, ఓపియాయిడ్లు మాత్రం వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

నెలకు నాలుగైదు అటాక్‌లు దాటినా, వచ్చినవి పనులను చెడగొడుతున్నా, రాకుండా ఆపే మందు రోజూ వాడటం గురించి మాట్లాడాలి. ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు, ఒక్కసారిగా మానకూడదు. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది, మత్తు, నోరెండటం మొదట్లో ఎక్కువ. టోపిరమేట్‌ను వారానికి 25 మిల్లీగ్రాముల చొప్పున పెంచుతారు. వేళ్లలో తిమ్మిరి, మాట తట్టకపోవడం, కిడ్నీలో రాళ్లు దాని చిక్కులు. గర్భంలోని బిడ్డకు టోపిరమేట్, ఇలాగే రోజూ వాడే మరో మందు వాల్‌ప్రోయేట్ రెండూ హాని చేస్తాయి. ఏదైనా సరైన మోతాదుకు చేరాక 8 నుంచి 12 వారాలు ఆగకుండా తీర్పు చెప్పలేం. అటాక్‌లు సగానికి తగ్గితే మందు పనిచేసినట్టే. వీటితో కుదరనివారికి 2018 నుంచి, మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు వచ్చాయి.

క్లస్టర్‌కు వస్తే మొదటి మందు ఆక్సిజన్. దీన్ని అడిగి తీసుకునేవాళ్లు చాలా తక్కువ కావడం బాధాకరం. నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు, వదిలిన గాలిని మళ్లీ పీల్చనివ్వని, సంచి ఉన్న నాన్‌రీబ్రీదర్ మాస్కుతో, ముందుకు వంగి కూర్చుని 15 నుంచి 20 నిమిషాలు పీల్చాలి. 2009లో వచ్చిన ఒక వైద్య పరిశోధనలో 12 లీటర్ల ఆక్సిజన్‌తో 15 నిమిషాలకు 78 శాతం అటాక్‌లలో నొప్పి పోయింది లేదా చాలినంత తగ్గింది, మామూలు గాలితో అది 20 శాతమే. ముక్కులో పెట్టే గొట్టాలతో ఇది పనిచేయదు, బయటి గాలి కలిసిపోతుంది. ఇళ్లలో వాడే కాన్సెంట్రేటర్లు (గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రాలు) చాలావరకు 5 లీటర్ల దగ్గరే ఆగిపోతాయి గనక సిలిండరే కావాలి, దాని రెగ్యులేటర్ 15 దాకా చూపాలి. నిమిషానికి 12 లీటర్ల చొప్పున 15 నిమిషాలు పీలిస్తే ఒక అటాక్‌కు 180 లీటర్లు, రోజుకు మూడు అటాక్‌లైతే 540. సిలిండర్ ఎన్నాళ్లు వస్తుందో ముందే లెక్క వేసుకోవాలి. దగ్గర్లో సిగరెట్, మంట ఉండకూడదు. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగే వాడాలి.

ఆక్సిజన్ అందనిచోట సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ 6 మిల్లీగ్రాములు, తొడలో చర్మం కింద. దాదాపు 15 నిమిషాల్లో పనిచేస్తుంది. అదే మాత్రయితే పనిచేసే లోపే అటాక్ దానంతటదే అయిపోతుంది, క్లస్టర్‌కు మాత్ర దండగ. 24 గంటల్లో రెండు ఇంజెక్షన్లకు మించకూడదు, మధ్య కనీసం గంట ఎడముండాలి. రోజుకు ఐదారు అటాక్‌లు వచ్చేవాళ్లకు ఆక్సిజన్ లేకుండా గడవదని ఈ లెక్కే చెబుతుంది.

విడత సాగుతుండగా వచ్చే అటాక్‌లను తగ్గించేది వెరాపమిల్. రోజుకు 240 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి 80 చొప్పున పెంచుతారు, నిపుణుల చేతిలో 960 దాకా వెళ్తుంది. ఇంత మోతాదులో అది గుండెలో విద్యుత్తు ప్రసారాన్ని నెమ్మదింపజేసి హార్ట్ బ్లాక్ తేగలదు. అందుకే మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, పెంచిన ప్రతిసారీ ఒక ఈసీజీ. బాగానే ఉన్నాను కదా అని దీన్ని ఎగ్గొట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లతో కలపకూడదు. వెరాపమిల్ అందుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది గనక ఆ సందులో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను కొద్ది రోజులు ఇచ్చి తగ్గిస్తారు, లేదా తల వెనుక నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. ప్రెడ్నిసొలోన్‌కు నొప్పి ఠక్కున ఆగిపోతుంది, అదే వల. కోర్సు అయ్యాక తిరగబెట్టిందని సొంతంగా మళ్లీ కొనుక్కుంటే షుగర్, ఎముకలు దెబ్బతింటాయి. విడత నడుస్తున్నన్నాళ్లూ మద్యం ముట్టకూడదు, గంటలోపే అటాక్ తెప్పిస్తుంది.

చివరి అటాక్ తర్వాత కనీసం రెండు వారాలు నిశ్చింతగా గడిచాకే వెరాపమిల్‌ను మెట్టుమెట్టుగా తగ్గించాలి. మానేశాక కూడా ఆక్సిజన్ చీటీ, మాస్కు, గడువు తీరని ఇంజెక్షన్లు ఇంట్లో ఉంచుకోవాలి. తర్వాతి విడత తరచు అర్ధరాత్రే మొదలవుతుంది, ఆ వేళ వైద్యుడు దొరకడు.

ఇట్లు,
తలనొప్పి రోగులకు చికిత్స చేసే వైద్యులు