పేగుకు సూది, చర్మానికి మచ్చ: మన సంఘం ఈ ఏటి వార్షిక నివేదిక

క్రోన్స్ (పేగుల్లో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికను సమావేశాల లెక్కతో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఒకరి చెప్పులతో మొదలుపెడతాను. వానాకాలంలో జరిగిన సమావేశానికి గాజువాక నుంచి వచ్చిన సభ్యుడొకరు గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి జంకారు. అందరూ కూర్చున్నాక నా పక్కకు కుర్చీ లాక్కుని అరికాలు పైకెత్తి చూపించారు. మడమ పక్కన పచ్చటి చీము పొక్కులు, కొన్ని అప్పటికే ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. చుట్టూ చర్మం పగిలి ఎర్రగా ఉంది. "కడుపు బాగుందండీ. నొప్పి లేదు, విరేచనాలు లేవు. ఇప్పుడిదేంటో" అన్నారు. ఆయన క్రోన్స్‌కు వాడుతున్న సూది మందు అడాలిముమాబ్, రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు.

ఆయనొక్కరికే అనుకున్నాం. తర్వాతి నెల ఇంకో ఇద్దరు బయటపడ్డారు. ఒకావిడకు తలలో మందంగా పొలుసులు కడితే, చుండ్రనుకుని నెలల తరబడి షాంపూలు మార్చారు. రెండో ఆయన మోచేతుల మచ్చలు కనబడకుండా మే నెల ఎండలో కూడా ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకున్నారు. విశాఖ ఉక్కపోత తెలిసినవాళ్లకు దాని బాధ వేరే చెప్పక్కర్లేదు. దాంతో మిగతా పనులు పక్కన పెట్టి, ఏడాది రెండో సగమంతా దీని మీదే గడిపాం.

విషయం ఏమిటంటే, మనలో చాలామంది వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ రెండూ ఒంట్లో వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే మందులు. అమెరికాలో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు క్రోన్స్ కోసం 1998లో అనుమతి వచ్చింది, అడాలిముమాబ్‌కు 2007లో. విచిత్రంగా ఇవే మందులను, చర్మం మీద పొలుసుల మచ్చలు లేచే సోరియాసిస్ జబ్బుకూ ఇస్తారు. అయినా వీటిని వాడేవాళ్లలో కొద్దిమందికి, నూటికి ఇద్దరి నుంచి ఐదుగురి దాకా, కొత్తగా సోరియాసిస్ లాంటి మచ్చలు వస్తాయి. అరచేతులు, అరికాళ్లు, తల దీనికి ఇష్టమైన చోట్లు. టీఎన్‌ఎఫ్‌ను ఆపేసరికి, అది అదుపులో ఉంచే ఇంటర్‌ఫెరాన్ అనే ఇంకో పదార్థం చర్మంలో పెరిగిపోవడమే కారణమని డాక్టర్లు చెబుతున్నారు. పేగు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఇది రావచ్చు. మందు పనిచేయడం మానేసిందని అర్థం కాదు.

నా సంగతీ చెప్పాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించుకుంటున్న రోజుల్లో నాకు మోకాళ్ల మీద మచ్చలు లేచాయి. ఒక క్లినిక్‌లో చూసి తామర అన్నారు. మందుల షాపులో ట్యూబు కొన్నాను. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత తెలిసింది. రాస్తే మాయం, ఆపితే రెట్టింపు. ఏం మందు వాడుతున్నావని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఎనిమిది వారాలకోసారి సెలైన్‌లో ఎక్కించే మందు కదా, మాత్ర కాదు కాబట్టి అది మందన్న సంగతే తట్టలేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

అందుకే ఈ ఏడాది మన ప్రధాన పని ఒక చిన్న కార్డు. పర్సులో పట్టేంత. అందులో మందు పేరు, చివరి డోసు తేదీ, పేగుల డాక్టరు ఫోను, స్కిన్ డాక్టరు ఫోను. వెనకవైపు మూడే మాటలు: మచ్చ వస్తే ఫోటో తీయండి, ఇద్దరు డాక్టర్లకూ పంపండి, సూది సొంతంగా ఆపకండి. ఆ మూడో మాటకు కారణముంది. టెన్షన్‌తో డోసులు మానేసిన సభ్యురాలికి మచ్చలు తగ్గలేదు సరికదా, క్రోన్స్ తిరగబెట్టి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. మచ్చలు కొద్దిగా ఉంటే పై పూతలతో, అవసరమైతే లైట్ థెరపీతో సరిపెట్టి అదే మందు కొనసాగిస్తారు. తీవ్రంగా ఉంటే మందు మారుస్తారు. ఉస్టెకినుమాబ్ లాంటివి రెండు జబ్బులకూ పనికొస్తాయి.

ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవాలని నేను విసుగొచ్చేలా చెప్పడానికి ఇంకో కారణం సెకుకినుమాబ్. సోరియాసిస్‌కు మంచి మందే. కానీ క్రోన్స్‌లో దాన్ని పరీక్షించినప్పుడు మేలు జరగలేదు, కొందరికి జబ్బు ముదిరింది. మీకు క్రోన్స్ ఉందని చెప్పకపోతే చర్మం బాగుచేయబోయి పేగును పాడుచేసుకున్నట్టవుతుంది.

మిగతా పనులు క్లుప్తంగా. మే 19న పెట్టిన సమావేశం ఎండ దెబ్బకు పలచబడింది. వస్తానన్న స్కిన్ డాక్టరు రాలేదు, ముందుగా ఖాయం చేసుకోకపోవడం నా తప్పే. బయోలాజిక్ (ఇలాంటి సూది మందు) మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి అని కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ చెప్పాం. మన దేశంలో ఈ పరీక్ష మానడం చాలా ప్రమాదం. సూదులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి, శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చేవారి కోసం రెండు ఐస్ బాక్సులు కొన్నాం. ఒకటి ఎవరి దగ్గరుందో ఇంకా తెలియదు, దయచేసి ఇచ్చేయండి.

అక్టోబరు 29న, ప్రపంచ సోరియాసిస్ దినాన, ఆర్కే బీచ్‌లో కరపత్రాలు పంచాం. ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న: అంటుకుంటుందా? అంటుకోదు. ముంత మసాలా అమ్మే ఆయన మా కరపత్రాన్ని పొట్లం కట్టబోయి, పైనున్న బొమ్మ చూసి ఆగి, మొత్తం చదివాడు. తన చెల్లెలికి మోచేతుల మీద ఇలాగే ఉందనీ, ఊళ్లో వాళ్లు గజ్జి అంటున్నారనీ చెప్పి ఇంకో రెండు అడిగి తీసుకున్నాడు.

గాజువాక సభ్యుడి సంగతి. ఆయన డాక్టర్లిద్దరూ ఫోనులో మాట్లాడుకున్నారు, అడాలిముమాబ్ మార్చలేదు, పూత మందు ఇచ్చారు. పొక్కులు తగ్గాయి, పగుళ్లు ఇంకా ఉన్నాయి. ఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కార్డులు అందనివారు వచ్చే సమావేశానికి చివరి డోసు తేదీ రాసుకుని రండి, అక్కడే నింపి ఇస్తాం.

మీ కార్యదర్శి