పూత చూసి చెప్పే మాటకు పూచీ ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికా బేస్‌బాల్ కొత్త సీజన్ మొదలవుతున్న సందర్భంగా, ఆరు డివిజన్లలో ఏయే జట్లు గెలుస్తాయో చెబుతూ పోయిన ఆదివారం మీ క్రీడల పుటలో ఒక చిన్న వార్త వేశారు. ఆరు పేర్లు, వాటి పక్కన ఆరు జట్ల గుర్తులు. ఏ జట్టు ఎందుకు గెలుస్తుందో ఒక్క ముక్క లేదు. పర్లాకిమిడికి మీ పత్రిక పాతపట్నం మీదుగా వస్తుంది, నేను ముందుగా చదివేది ఆటల పుటే. తెలుగు పత్రికలో బేస్‌బాల్ మాట కనిపించిందని సంతోషించాను. చదవడం పూర్తయ్యేసరికి ఆ సంతోషం నిలవలేదు.

నేను ముప్పై ఏళ్లుగా జీడితోటలు గుత్తకు తీసుకుంటున్నవాడిని. కాశీనగర్ వైపు కొండవాలు తోటలు, సరిహద్దు దాటితే పాతపట్నం, మెళియాపుట్టి తోటలు నాకు చెట్టుచెట్టునా తెలుసు. జనవరిలో పూత చూస్తాము. ఏప్రిల్, మే నెలల్లో ఆ తోటలో 80 కిలోల బస్తాలు ఎన్ని లేస్తాయో లెక్కగట్టి రైతు చేతిలో డబ్బు పెడతాము. లెక్క తప్పితే నష్టం మాదే. ముందుగా మాట చెప్పేవాడు ఆ మాటకు పూచీ పడాలన్నది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు.

బేస్‌బాల్ నాకెలా తెలిసిందో కూడా చెప్పాలి. 2019లో డెట్రాయిట్ పక్కన మా అబ్బాయి ఇంట్లో ఆరు నెలలు ఉన్నాను. ఒక సాయంత్రం కొమెరికా పార్క్ అనే బేస్‌బాల్ మైదానానికి తీసుకువెళ్లాడు. ఆ ఏడు డెట్రాయిట్ టైగర్స్ 47 ఆటలు గెలిచి 114 ఓడింది. మా చుట్టూ కుర్చీలు చాలావరకు ఖాళీ. అయినా ముందు వరుసలో ఒక పెద్దాయన ఒళ్లో కాగితం పెట్టుకుని ప్రతి బంతికీ పెన్సిలుతో గుర్తు వేస్తున్నారు. మా నాన్నగారు ఏ చెట్టు ఏ ఏడాది ఎంత కాసిందో మొదలు మీద సున్నంతో గీతలు గీసేవారు. ఆ పెద్దాయనను చూడగానే నాకు మా నాన్నగారు గుర్తుకొచ్చారు. ఆ రోజు నుంచి నేను టైగర్స్ మనిషిని. అక్కడ సాయంత్రం 6.40కి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4.10కి వస్తుంది. లేచి ఫోనులో చూస్తాను. ఆరు సీజన్లుగా, ఆట మొదలయ్యే ముందు ఆరు డివిజన్లకు ఆరు పేర్లు నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటున్నాను.

మీ వార్తను మా టీ కొట్టులో కుర్రాళ్లు చదివి, ఒకే పోటీలో ఆరుగురు విజేతలు ఎలా ఉంటారని నన్ను అడిగారు. వాళ్ల తప్పేమీ లేదు. మొత్తం 30 జట్లు, అమెరికన్, నేషనల్ అని రెండు లీగులు, ఒక్కో లీగులో తూర్పు, మధ్య, పడమర అని మూడు డివిజన్లు, డివిజన్‌కు ఐదు జట్లు. ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు ఆడుతుంది, అందులో 52 తన డివిజన్‌లోని నాలుగు జట్లతోనే, ఒక్కోదానితో 13 చొప్పున. డివిజన్‌లో మొదట నిలిచిన జట్టుకు ప్లేఆఫ్స్ అనే చివరి పోటీల్లో చోటు ఖాయం. ఈ మూడు వాక్యాలు మీ వార్తలో ఉంటే సరిపోయేది. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. చదివేవాడికి అర్థమయ్యేలా రాయాలని ఆయన ఎంత పోరాడారో ఇక్కడ ఇంకా చెప్పుకుంటారు. ఆ ఊళ్లో మీ వార్త అర్థం కాలేదని చెప్పడానికి నాకు బాధగా ఉంది.

ఇక అసలు సంగతి. మీరిచ్చిన ఆరు పేర్లలో నాలుగు నిరుటి విజేతలవే. అందులో తప్పు లేదు, కానీ దాని విలువ ఎంతో పాఠకుడికి చెప్పాలి. 2024లో డివిజన్లు గెలిచినవి యాంకీస్, గార్డియన్స్, ఆస్ట్రోస్, ఫిలీస్, బ్రూవర్స్, డాడ్జర్స్. 2025లో వీటిలో నాలుగు మళ్లీ గెలిచాయి. అంటే ఆట మొహం చూడనివాడు నిరుటి జాబితాను ఎత్తి రాసినా ఆరింట నాలుగు నిజమయ్యేవి. అదే పని 2023లో, 2024లో చేసి ఉంటే మూడేసి నిజమయ్యేవి. పత్రికలో జోస్యం చెప్పే పెద్దలు ముందు ఈ గీత దాటాలి. దాటారో లేదో వాళ్లను ఎవరూ అడగడం లేదు, సీజన్ ముగిసేసరికి ఆ జాబితా ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

ఆరూ నిజం కావడం ఎంత కష్టమో కూడా చూడండి. ఒక మనిషికి మంచి జ్ఞానం ఉంది, ప్రతి డివిజన్‌లోనూ పదింట ఆరుసార్లు సరిగ్గా చెప్పగలడు అనుకుందాం. ఆరూ ఒకేసారి సరిపోవడం వందకు ఐదుసార్లు కూడా ఉండదు. ఇరవై ఏళ్లకు ఒక్కసారి! అలాంటప్పుడు ఆరు పేర్లనూ ఒకే ధీమాతో, ఒకే అక్షరాల్లో అచ్చు వేయడం ఎలా న్యాయం?

నిరుడు మార్చిలో అమెరికన్ లీగ్ మధ్య డివిజన్ ఎదురుగా నేను టైగర్స్ అని రాశాను. జులై మొదట్లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ మా జట్టుకు పదిహేనున్నర ఆటల వెనుక ఉంది (గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి సగం చేస్తే వచ్చే లెక్క ఇది). మా అబ్బాయి ప్లేఆఫ్స్ టికెట్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. సెప్టెంబరులో ఆ జట్టే డెట్రాయిట్ వచ్చి వరుసగా మూడు ఆటలు గెలుచుకుపోయింది. 23వ తేదీన క్లీవ్‌లాండ్‌లో మా తరఫున టారిక్ స్కూబల్ బంతి విసురుతున్నాడు. 2024లోనూ 2025లోనూ ఆ లీగులో ఉత్తమ పిచ్చర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, ఇచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఆరోదానిలో ఆధిక్యం చేజారింది. అదే ఇన్నింగ్స్‌లో అతని బంతి క్లీవ్‌లాండ్ బ్యాటర్ డేవిడ్ ఫ్రై ముఖానికి తగిలింది. మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. నేను ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను, కాసేపు చూడలేకపోయాను. ఆట 5-2తో పోయింది, ఆ రాత్రికి రెండు జట్లూ సమానమయ్యాయి. చివరకు గార్డియన్స్‌కు 88 గెలుపులు, టైగర్స్‌కు 87. అంత వెనుక నుంచి వచ్చి డివిజన్ గెలిచిన జట్టు ఈ ఆట చరిత్రలోనే లేదు.

పుస్తకంలో ‘తప్పు’ అని రాసుకున్నాను. కానీ అది ఎలాంటి తప్పో తేల్చుకోకుండా ఉండలేకపోయాను. బిల్ జేమ్స్ అనే బేస్‌బాల్ గణాంకాల రచయిత చాలా ఏళ్ల క్రితం ఒక తేలిక లెక్క చెప్పారు. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఎదుటి జట్టుకు ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే గెలుపుల వాటా వస్తుంది. 800 పరుగులు చేసి 700 ఇచ్చిన జట్టు 162లో దాదాపు 92 గెలవాలి. నిరుడు టైగర్స్ ఇచ్చినదానికంటే ఎక్కువ పరుగులు చేసింది. గార్డియన్స్ చేసినదానికంటే కొంచెం ఎక్కువే ఇచ్చింది. నేను చెట్టును తప్పుగా చూడలేదు. గాలి వచ్చింది.

గాలి అంటే ఏమిటో ఈ సరిహద్దులో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. నేను మూడేళ్ల గుత్తకు తీసుకున్న తోటలో మా నాన్నగారి కాలం నాటి చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. ఆ తోట మీద నా లెక్క తప్పా? కాదు. కానీ తుపాను ఎప్పుడైనా రావచ్చని తెలిసి కూడా, తోటకు ‘ఇన్ని బస్తాలు’ అని ఒకే అంకె చెప్పడం మాత్రం తప్పు. అప్పటి నుంచి రైతుకు రెండు అంకెలు చెబుతున్నాను, ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు అని. బేస్‌బాల్‌లోనూ అంతే. పూతకు టీ దోమ అనే పురుగు ఎలాగో పిచ్చర్‌కు మోచేతి స్నాయుబంధం తెగడం అలాగ. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచ్చర్ మోచేతికి మొదటిసారి చేసిన శస్త్రచికిత్స నేటికీ టామీ జాన్ పేరుతోనే జరుగుతోంది. అది చేయించుకున్నవాడు ఏడాదికి పైగా ఆటకు దూరం. మార్చిలో జోస్యం చెప్పేవాడికి ఏ మోచెయ్యి నిలుస్తుందో తెలియదు.

కాబట్టి నా మనవి ఇది. జోస్యాలు వేయండి, మానవద్దు. ఆరు నెలలు రోజూ ఆట చూడటానికి అవి ఒక ఆసరా. కానీ ప్రతి పేరు పక్కన పదింట ఎన్ని పాళ్లు నమ్మకమో వేయండి, ఎందుకో ఒక్క వాక్యం రాయండి. సెప్టెంబరు ఆఖరున అదే పుటలో, అంతే జాగాలో ఫలితం వేయండి. తప్పినవి ముందు వేయండి.

అడిగినవాడిని కాబట్టి నావి నేను రాస్తున్నాను. నేషనల్ లీగ్ పడమర డాడ్జర్స్, పదింట ఎనిమిది. 2013 నుంచి 2025 వరకు ఒక్క 2021లో తప్ప ఆ డివిజన్ వాళ్లదే, ఆ ఏడు కూడా 106 గెలిచి 107 గెలిచిన జెయింట్స్‌కు వదులుకున్నారు. తూర్పు ఫిలీస్, ఐదు. మధ్య బ్రూవర్స్, నాలుగు. మూడేళ్లుగా గెలుస్తున్నా అక్కడ నా ధీమా అంతే. అమెరికన్ లీగ్ పడమర మారినర్స్, ఐదు. 2001 తర్వాత మొదటిసారి నిరుడే గెలిచారు, వాళ్ల క్యాల్ రాలీ బంతిని కంచె దాటించే హోమ్ రన్లు 60 కొట్టాడు. తూర్పు బ్లూ జేస్, మూడు మాత్రమే. 2024లో అట్టడుగున ఉన్న జట్టు నిరుడు 94 గెలుపులతో యాంకీస్‌తో సమానంగా నిలిచి, వాళ్లపై గెలిచిన ఆటలు ఎక్కువ కావడంతో పైకి వచ్చింది, అంత సన్నని తేడా. మధ్య టైగర్స్. ఇక్కడ నా మనసు ఒక వైపు ఉంది, అందుకే ఆరు వేయబోయి ఐదు వేశాను.

ఈ పాళ్లు కూడితే ఆరింట మూడు నిజం కావాలి. ఆరూ నిజమైతే అది నా గొప్ప కాదని ఇప్పుడే రాసి ఇస్తున్నాను. నోటు పుస్తకంలోని ఆ పుట నకలు ఈ ఉత్తరంతో జత చేశాను. అక్టోబరు మొదటి వారంలో దీన్ని బయటకు తీయమని కోరుతున్నాను.

ఇట్లు
జీడితోటల గుత్తదారు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా