నాలుగు వారాల వాన అంచనాను కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ నైరుతి రుతుపవనాలపై తొలి అంచనా ప్రకటించిన మరునాడు, మీ పత్రికతో సహా తెలుగు దినపత్రికలన్నీ మొదటి పేజీలో దాదాపు ఒకే శీర్షిక పెడతాయి. ఈసారి వానలు సాధారణమనో, సాధారణాన్ని మించుతాయనో చెప్పి, పక్కన ఒక శాతం వేస్తాయి. ఆ శాతం దేశం మొత్తానికి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలకు కలిపి కట్టిన లెక్క. 1971 నుంచి 2020 వరకు కట్టిన సగటు 87 సెంటీమీటర్లు కాగా, అందులో 96 నుంచి 104 శాతం వరకు పడితే సాధారణ వర్షపాతంగా పరిగణిస్తారు. గొర్రు సిద్ధం చేసుకుని పదును వాన కోసం ఎదురుచూసే కళ్యాణదుర్గం వేరుశనగ రైతు ఈ లెక్కను పట్టుకుని తీసుకోగలిగిన నిర్ణయం ఒక్కటీ లేదు. అతనికి పనికొచ్చే అంచనా మరొకటి ఉంది. దాన్ని కూడా వాతావరణ శాఖే వారం వారం ఇస్తోంది, కానీ మన పత్రికల్లో అది దాదాపు కనిపించదు. వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ అంచనా కోసమే.

దేశవ్యాప్త శాతం ఎంత నిజమైనా మండలానికి ఎంత అక్కరకు రాదో చెప్పడానికి 2024 ఖరీఫ్ ఒక్కటి చాలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 106 శాతం పడుతుందన్నారు, చివరికి 108 శాతం పడింది. ఒక దేశం మొత్తానికి నెలల ముందు చెప్పిన అంచనా అంత దగ్గరగా ఫలించడం గొప్ప విషయమే. అదే రుతువులో సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. అక్టోబరు నెలాఖరుకు అదే రాష్ట్ర ప్రభుత్వం రాయలసీమలో 54 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. ఉగాది నాటి పంచాంగ శ్రవణంలో సైతం వాన ఎన్ని ఆఢకాలో (పాతకాలపు వాన కొలత) చెప్పి ఊరుకోరు. సముద్రంలో ఎన్ని భాగాలు, పర్వతాలపై ఎన్ని, భూమ్మీద ఎన్ని అని పంచి మరీ చెబుతారు. మన ఏప్రిల్ శీర్షికల్లో ఆ మాత్రం పంపకమైనా ఉండదు.

స్థలం సంగతి అలా ఉంటే, కాలం సంగతి అంతకన్నా ముఖ్యం. 2023లో దేశంలో మొత్తం మీద 94 శాతం వర్షం పడింది. ఏప్రిల్ అంచనా 96 శాతం, దానికి ఇచ్చిన తేడా ఐదు శాతం అటూ ఇటూ, కాబట్టి అంచనా తప్పిందని ఎవరూ అనలేరు. కానీ నెలలవారీగా చూస్తే జూలైలో 13 శాతం ఎక్కువ, ఆగస్టులో 36 శాతం తక్కువ, సెప్టెంబరులో మళ్లీ 13 శాతం ఎక్కువ. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. జూలైలో విత్తిన వేరుశనగకు ఆగస్టు అంటే ఊడలు దిగే కాలం. అప్పుడు నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, కాయ ఊరదు. సెప్టెంబరులో ఎంత కురిసినా రాని ఆ కాయలు తిరిగి రావు. ఆ ఏడాది అక్టోబరు చివర ఆంధ్రప్రదేశ్‌లో 103 మండలాలు కరువు జాబితాకు ఎక్కాయి.

ఆ 2023 ఏప్రిల్ ప్రకటనలోనే ఇంకొక పట్టిక ఉంది. సాధారణ వర్షానికి 35 శాతం, సాధారణం కంటే తక్కువ పడడానికి 29 శాతం, బాగా లోటు రావడానికి 22 శాతం అవకాశం ఉందని అందులో స్పష్టంగా రాశారు. చివరి రెండూ కలిపితే 51 శాతం. అంటే లోటు వైపే మొగ్గు సగానికి మించి ఉందని వాతావరణ శాఖ దాచకుండా చెప్పింది, పత్రికలేమో 96 శాతం అన్న ఒక్క అంకెను తీసుకుని 'వానలు సాధారణమే' అని వేశాయి. అంచనాలు నమ్మలేమని ఊళ్లలో అనే మాటకు మూలం చాలావరకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వాతావరణ శాఖ పూర్తిగా గురితప్పిన సంవత్సరాలు లేకపోలేదు. 2002లో 101 శాతం అంటే 81 శాతమే పడింది, ఆ జూలైలో సగం వానైనా లేదు. 2009లో 96 అంటే 78 దగ్గర ఆగింది. ఆ దెబ్బలతోనే పాత గణాంక సూత్రాలను పక్కనపెట్టి, 2012లో మొదలైన రుతుపవన మిషన్ కింద సముద్రాన్నీ వాతావరణాన్నీ కలిపి లెక్కగట్టే కంప్యూటర్ నమూనాల వైపు మళ్లారు.

ఏప్రిల్‌లో కూర్చుని సెప్టెంబరు గురించి చెప్పగలగడానికి కారణం సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడడమే. పసిఫిక్ మహాసముద్రపు నడిమి భాగం వేడెక్కితే ఎల్‌నినో అంటాము. ఆ వేడి నెలల తరబడి నిలిచి మన రుతుపవనాలను సాధారణంగా బలహీనపరుస్తుంది. ఇది కూడా తప్పనిసరి నియమం కాదు, 1997లో అతి బలమైన ఎల్‌నినో ఉండగా దేశంలో వర్షం సగటును మించింది. పైగా ఎల్‌నినో ఏళ్లలో అక్టోబరు తర్వాతి ఈశాన్య రుతుపవనాలు దక్షిణాదిన పుంజుకునే మొగ్గు ఉంటుంది కనుక, రాయలసీమకు ఆ పేరు వినగానే గుండెలు బాదుకోవలసిన పని కూడా లేదు. అయితే సముద్రపు వేడి నాలుగు నెలల మొత్తాన్ని మాత్రమే సూచించగలదు. వాన ఏ వారంలో ఆగి ఏ వారంలో మళ్లీ పడుతుందో నిర్ణయించేది వేరే యంత్రాంగం. భూమధ్యరేఖ దగ్గర పుట్టి 30 నుంచి 60 రోజులకోసారి ఉత్తరంగా సాగే మేఘాల పట్టీ, ఉత్తర భారతం మీదుగా సాగే అల్పపీడన పట్టీ అయిన రుతుపవన ద్రోణి హిమాలయ పాదాలకు జరగడం, మళ్లీ కిందికి దిగడం వంటివి అందులో ముఖ్యమైనవి. ద్రోణి పైకి జరిగినప్పుడు నడి దేశంలో వానలు నిలిచిపోతాయి, అదే సమయంలో తమిళనాడు వైపు ఉరుముల వానలు పడవచ్చు. రాయలసీమ ఈ రెండింటి అంచున ఉంది కాబట్టి దేశం లెక్కతో గానీ పొరుగు లెక్కతో గానీ దాని సంగతి తేలదు.

ఈ మేఘాల కదలికలను రెండు మూడు వారాల ముందే కొంతవరకు పసిగట్టవచ్చు. వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాలకు ఇచ్చే అంచనాకు ఆధారం ఇదే. కోస్తాంధ్ర, రాయలసీమ, తెలంగాణ వంటి 36 వాతావరణ ఉపవిభాగాల్లో ఏ వారం వాన సగటుకు అటా ఇటా అన్నది అందులో ఉంటుంది. మొదటి రెండు వారాల మాట చాలావరకు నిలుస్తుంది, మూడు నాలుగు వారాల మాటను మొగ్గుగా మాత్రమే తీసుకోవాలి. నాలుగైదు రోజుల అంచనా మందు కొట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి సరిపోతుంది. రుతువు మొత్తం అంచనా ఢిల్లీలో ధాన్యం నిల్వల లెక్కలకు సరిపోతుంది. విత్తాలా, ఆగాలా, విత్తిన దానిలో అంతర కృషి చేయాలా, ఎండిపోతున్న పైరుకు ఒక రక్షక తడి పెట్టాలా అన్న ప్రశ్నలకు కావలసింది ఈ రెండింటి నడుమ ఉన్న నాలుగు వారాల అంచనా. మృగశిర కార్తెలో ఒక వాన పడగానే విత్తేసి, ఆరుద్రలో మొలక ఎండి, పునర్వసులో మళ్లీ విత్తనకాయలకు అప్పు చేసే అవస్థ అనంతపురం జిల్లాకు కొత్త కాదు. వేరుశనగలో విత్తనం ఖర్చే పెట్టుబడిలో పెద్ద పద్దు కాబట్టి, రెండోసారి విత్తడమంటే ఆ ఏడాది మిగులును ముందే వదులుకోవడం.

ఇలాంటి సమాచారం ఇస్తే రైతులు నిజంగా వాడుకుంటారా అని సందేహించేవారున్నారు. తెలంగాణలో 250 గ్రామాల్లో పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. రుతుపవనాల రాక ఆలస్యమని ముందుగా తెలిసిన రైతులు సాగు విస్తీర్ణం తగ్గించుకున్నారు, రాక అనుకూలమని తెలిసినవారు పెట్టుబడి పెంచారు. 2025లో రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. ఆ తర్వాత మాత్రం ముందుకు కదలకుండా చాలా రోజులు ఆగిపోయాయి. ఆ ఏడాది కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతులకు ఫోన్ సందేశాల ద్వారా పంపిన అంచనాల్లో ఈ విరామం గురించిన ముందస్తు మాట కూడా ఉంది. ఇంకోవైపు, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఉండి అంచనాను పంట సలహాగా మార్చి చెప్పే 199 జిల్లా వ్యవసాయ వాతావరణ యూనిట్లను 2024 ఆరంభంలో మూసివేశారు. అంచనాల నాణ్యత పెరుగుతున్న కాలంలో వాటిని ఊరి భాషలోకి తెచ్చే మనుషులను తీసేయడం ఏ విధంగా పొదుపో నాకు అర్థం కాలేదు.

ముందు చెప్పడం ఒక ఎత్తయితే, జరుగుతున్నది చూడడం మరొక ఎత్తు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఈ విషయంలో కొదవ లేదు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ మండలం వారీగా వాన లెక్క ఏ రోజుకారోజు అందుతోంది. ఉపగ్రహ చిత్రాల్లో పైరు పచ్చదనాన్ని చూసి కరువును అంచనా కట్టే జాతీయ వ్యవస్థ 1989లో మొదలైంది మన హైదరాబాద్‌లోని దూర సంవేదన సంస్థలోనే. అయినా ఈ సమాచారమంతా పత్రికలకు ఎక్కేసరికి 'జిల్లాలో లోటు 24 శాతం' అన్న ఒక ముక్కగా మిగులుతుంది. దేశం మొత్తానికి వాడే 96–104 శాతం కొలత వేరు, జిల్లాలకు వాతావరణ శాఖ వాడే కొలమానంలో 19 శాతం వరకు లోటున్నా సాధారణమే. జూన్‌లో ఒకే రాత్రి కురిసిన కుంభవృష్టి జూలై అంతటా వాన లేని మండలాన్ని కూడా ఆ కొలమానంలో సాధారణంగా చూపించగలదు. అందుకే శాతంతో పాటు, చివరి చెప్పుకోదగ్గ వాన పడి ఎన్ని రోజులైందో మండలం వారీగా వేయాలి. బెట్టను, అంటే వానల నడుమ వచ్చే ఎండు విరామాన్ని, కొలిచేది ఆ అంకె. వర్షమాపకం మండల కేంద్రంలో ఉండి, వాన దానికి ఎనిమిది కిలోమీటర్ల అవతలి ఊళ్లో పడకుండా పోయే సమస్య అప్పటికీ ఉంటుందని తెలుసు. లేని లెక్క కంటే అది నయం.

ఇక ప్రభుత్వాల విషయం. తుపాను హెచ్చరికకు ఒక క్రమం ఉంది. ఓడరేవులో ఒకటి నుంచి పదకొండు వరకు ఏ నంబరు ప్రమాద సూచిక ఎగిరితే ఎవరేం చేయాలో, ఏ దశలో లోతట్టు గ్రామాలను ఖాళీ చేయించాలో ముందే రాసి ఉంటుంది. 1977లో దివిసీమ ఉప్పెన వేల మందిని మింగింది, ఈనాడు అంతటి తుపాను వచ్చినా అంత ప్రాణనష్టం ఊహించలేమంటే, అందుకు అంచనాతో పాటు ఈ క్రమమూ కారణమే. కరువు హెచ్చరికకు అలాంటి క్రమం కాగితం మీద ఉంది, ఆచరణలో లేదు. కేంద్రం 2016లో తెచ్చిన కరువు నిర్వహణ నియమావళిలో, వరుసగా మూడు నాలుగు వారాలు సాధారణ వర్షంలో సగం కూడా పడకపోతే దాన్ని ఒక సూచికగా తీసుకోవాలని ఉంది. రుతుపవనాలు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలు ఆలస్యమైతే ఏ పంటలు వేయాలో హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ చొరవతో జిల్లాల వారీగా ప్రణాళికలు సిద్ధమై ఉన్నాయి. ఆ సూచికను వాడేది మాత్రం అక్టోబరులో, అదీ పంట నష్టపోయిన రైతుకిచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి జాబితా తయారు చేయడానికి. ఆగస్టు మొదటి వారంలోనే ఒక మండలంలో మూడు వారాల బెట్ట తేలి, నాలుగు వారాల అంచనా కూడా లోటు వైపే చూపుతుంటే, కంది, ఉలవ, కొర్ర విత్తనాలు ఆ వారమే రైతు సేవా కేంద్రానికి చేరాలి. అప్పటికి వేరుశనగ విత్తే అదును దాటిపోయి ఉంటుంది, ఉలవకు ఇంకా సమయం ఉంటుంది. కరువును ప్రకటించడానికి పంట ఎండేదాకా ఆగాలేమో గానీ, విత్తనం పంపడానికి ఆగనక్కర్లేదు.

మీ పత్రికను నేను అడిగేది చిన్నదే. జూన్ నుంచి అక్టోబరు వరకు ప్రతి శుక్రవారం జిల్లా పేజీలో నాలుగు అంగుళాల చోటు ఇవ్వండి. ముందురోజు వెలువడిన నాలుగు వారాల అంచనాలో మీ సంచిక చేరే ఉపవిభాగం వరకు తీసుకుని, ఒక్కో వారానికి ఒక వాక్యం చొప్పున వేయండి. దాని కింద మండలాల పేర్లు, చివరి వాన పడి ఎన్ని రోజులైందో వేయండి. నాలుగు వారాల కిందటి అంచనాలో ఆ వారానికి ఏం చెప్పారో, నిజంగా ఎంత కురిసిందో కూడా అదే చోట ఒక వరుసలో వేస్తే, ఆ అంచనాను ఎంత నమ్మాలో పాఠకులే తేల్చుకుంటారు. ఏప్రిల్‌లో అంకెతో పాటు అవకాశాల పట్టికను పూర్తిగా అచ్చు వేయమని కూడా కోరుతున్నాను. మండలాల పట్టిక తయారీకి సాయం కావాలంటే, వాన లెక్కలు రాయడంలో ఉద్యోగ జీవితం గడిపిన మాలాంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి డివిజన్‌లోనూ దొరుకుతారు.

భవదీయుడు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా.